రుద్దించుకున్న మోచేయి

పెరుగన్నం ముద్ద నోటి దాకా వచ్చి ఆగిపోయింది. నేను ఆపలేదు. నోటికి నాలుగు వేళ్ళ దూరంలో చేయి దానంతటదే నిలబడిపోయింది. ఇంకొంచెం వంచబోతే మోచేతి లోపల తలుపుకి గొళ్ళెం పడినట్టు ఏదో గట్టిగా అడ్డు తగిలింది. తల ముందుకు చాచి ముద్ద అందుకున్నాను. ఎదురుగా కూర్చున్న మా హారిక, "అమ్మా, కుక్కపిల్లలా తింటున్నావ్" అని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఎడమచేత్తో ఆ మోచేతి మడత తడిమి చూసుకున్నాను. వేడిగా ఉంది. చర్మం కింద చింతగింజంత గట్టిది ఏదో వేలికి తగిలింది. మొన్నటి దాకా అది అక్కడ లేదు.

వారం కిందట అదే చేత్తో నా నోరు నేను అందుకున్నాను. అంటే బాగుపడాల్సిన చేయి వెనక్కి వెళుతోంది. 2011 అక్టోబర్, దసరా వెళ్ళి అయిదారు రోజులైంది. కింద పడ్డప్పుడు గానీ, ఆపరేషన్ బల్ల మీద గానీ కలగని భయం నాకు ఆ కంచం ముందు కలిగింది. కుడిచేయి ఇలాగే ఉండిపోతే?

ఇప్పుడు గండం గడిచింది. పిల్లలు పడుకున్నాక రోజుకి కాస్త చొప్పున ఇది రాస్తున్నాను. రాస్తుంటే నా దడ తగ్గుతోంది. నేను చేసిన పని ఇంకొకరు చేయకుండా ఉంటే అది వేరే లాభం. ఇందులో వైద్యం పేర్లేమీ ఉండవు, నాకు తెలిసిందల్లా నాకు అనిపించింది మాత్రమే.

జూలై – సెప్టెంబర్

దిల్‌సుఖ్‌నగర్‌లో బస్ డిపో వెనక సందులో ఒక మేడ మీద వాటాలో మేం అద్దెకుంటున్నాం. మాది తెనాలి వైపు. మావారు ప్రసాద్ ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెబుతారు. హారిక ఒకటో తరగతి, బుజ్జిగాడికి అప్పటికి పద్నాలుగు నెలలు. కింది వాటాలో ఇల్లుగలవాళ్ళు. ఆవిడ పేరు యాదమ్మ, పుట్టిల్లు పెద్ద అంబర్‌పేట్ దగ్గరి పల్లె. నేను పెద్దమ్మా అంటాను, పిల్లలు అవ్వా అంటారు. బుజ్జిగాడు పుట్టిన మూడోవారంలో మా అమ్మకి ఒంట్లో బాగోక ఊరెళ్ళిపోతే, ఆర్నెల్ల పాటు వాడికి నూనె రాసి, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసింది ఈవిడే. వాడి దొడ్డికాళ్ళు సాగదీసి సాగదీసి తిన్నగా చేసింది కూడా ఈవిడేనని మా ఇంట్లో అందరి నమ్మకం.

జూలై చివర ముసురులో డాబా మీద బట్టలు తీసుకుని దిగుతూ మెట్ల మీద జారాను. మోచేయి విరిగింది. మలక్‌పేటలో ఒక ఆస్పత్రిలో ఆపరేషన్ చేసి తీగలు వేసి కట్టారు. కట్టు విప్పేసరికి చేయి సగం వంగి ఎండిన కొమ్మలా ఉంది. వెనకవైపు జెర్రిలా పొడుగాటి మచ్చ. రోజూ వచ్చి వ్యాయామం చేయించుకోవాలని, మానేస్తే బిగుసుకుపోతుందని చెప్పారు. అక్కడ వ్యాయామం చేయించే అమ్మాయి మంచిదే, కానీ ఆ అమ్మాయి నా మణికట్టు పట్టుకోగానే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగేవి.

వారం వెళ్ళానో లేదో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బళ్ళు మూశారు, బస్సులు ఆగిపోయాయి, మావారి క్లాసులూ ఆగిపోయాయి. ఆటోలు ఒకరోజు ఉంటే ఒకరోజు లేవు. నేను వెళ్ళలేకపోయానని అందరికీ చెప్పాను. ఇక్కడైనా నిజం రాయాలి. మలక్‌పేట ఎంత దూరం? స్కూటర్ మీద పది నిమిషాలు. బస్సులు ఆగాయని టీవీలో విన్నప్పుడు లోలోపల నాకు హాయిగా అనిపించింది. ఆ నొప్పి తప్పిందనుకున్నాను.

రెండు వారాలకి ఆ హాయి పోయి గాభరా పట్టుకుంది. చేయి అంగుళం కూడా అదనంగా వంగటం లేదు. ఒకరోజు పొద్దున మావారు బయటికి వెళ్ళగానే కిందికి దిగాను.

"పెద్దమ్మా, నా చేయి కాస్త రుద్ది సాగదీస్తారా?"

ఆవిడ చేటలో బియ్యం ఏరుతోంది. చేతులు ఆగిపోయాయి. "కోసి కుట్లేసిన చెయ్యి బిడ్డా. పసిపోరని కాళ్ళు పట్టినట్టు గాదు. నాకు భయమైతది. దవాఖానల అడుగరాదు?"

"బస్సులెక్కడున్నాయి అడగడానికి?"

"ఫోన్ జెయ్యి."

"ఎత్తట్లేదు" అన్నాను. నేను అసలు చేయలేదు.

"గట్లయితే సమ్మె అయిపోయినంక పోదువు తియ్యి. జర ఓపిక పట్టు."

"బుజ్జిగాడి కాళ్ళు మీరు సరిచేయలేదా? నా చేయి ఒక లెక్కా మీకు?"

ఆవిడ నవ్వేసింది. "నీ నోరు మంచిది తల్లీ, ఏదన్న జేయించుకుంటవ్." మళ్ళీ చేయి చూసి తల అడ్డంగా ఊపింది. "వద్దు బిడ్డా. నాతోని గాదు." మర్నాడు మళ్ళీ వెళ్ళి ఏడ్చాను. అప్పుడు నువ్వుల నూనె వేడిచేసింది.

కాళ్ళు చాపుకుని కూర్చుని, నా చేయి తన తొడ మీద పెట్టుకుని రుద్దేది. తర్వాత మెల్లగా వంచేది, చాచేది. బతుకమ్మ పేర్చే రోజుల్లో కూడా పూల పని మధ్యలో లేచి పైకి వచ్చింది. మొదటి మూడు రోజులు చేయి తేలికపడింది. నోరు అందింది. ఇక నాకు ఆశ పెరిగిపోయింది. "ఎర్రగైంది, చాలు బిడ్డా" అని ఆవిడ అంటే, "ఇంకొంచెం లాగండి" అని నేను. అరుపు బయటికి రాకుండా కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని. ఒక మూల బొమ్మలతో ఆడుకుంటూ హారిక ఇదంతా చూసేది.

అక్టోబర్

ముద్ద ఆగిపోయిన ఆ రోజు సాయంత్రం మావారికి చేయి చూపించాను. "వారంలో ఇంత బిగుసుకుపోవడమేంటి?" అని ఆయన తిప్పి తిప్పి చూస్తుంటే హారిక అంది, "అవ్వ రోజూ లాగుతుందిగా నాన్నా. అమ్మ ఏడుస్తుందిగా."

ఆయన ముఖం మారిపోయింది. "ఏంటే ఇది? కుట్లేసిన చేయి ఆవిడ చేత లాగించుకున్నావా? ఎవరు చేయమన్నారు?"

ఆలోచించుకునే వ్యవధి లేదనను. ఉంది. కానీ అప్పటికే చేయి పోతుందన్న భయంలో ఉన్నాను, దాని మీద ఆయన కోపం కూడా భరించలేననిపించింది. "ఆవిడే వచ్చి చేస్తానంది. కాదనలేకపోయాను" అన్నాను.

ఆయన విసురుగా మెట్ల దగ్గరికి వెళ్ళారు. వెనకే నేను. కింద వాకిట్లో యాదమ్మగారు చెప్పులు కడుగుతోంది.

"ఆంటీ, ఇంకెప్పుడూ మావాళ్ళ ఒంటి మీద చేయి వేయకండి. తెలియని పని చేసి మాధవి చేయి పాడుచేశారు."

ఆవిడ తలెత్తి ఆయన్ని చూసింది. తర్వాత ఆయన భుజం వెనక నన్ను చూసింది. ఒక్క మాట చాలు, నా గుట్టు బయటపడేది. "అట్లనే సారూ" అని చెప్పులు కడగడం మొదలుపెట్టింది.

లోపలికి వచ్చాక మావారు, "వీళ్ళకి మనమంటే లెక్కలేదు. వనస్థలిపురంలో మనవాళ్ళున్న చోట ఇల్లు చూస్తాను" అన్నారు. ఆ మనిషి అంతకు ముందు ఎప్పుడూ "వీళ్ళు" అన్న మాట అలా అనలేదు. ఆ రోజుల్లో ఇల్లుగలవాళ్ళకీ అద్దెకున్నవాళ్ళకీ కుళాయి దగ్గర మాట పెరిగినా అది చివరికి మీరూ మేమూ అన్న దగ్గరికే వెళ్ళేది. మా ఇంట్లో నూనె గిన్నె దగ్గర మొదలై అక్కడికి వెళ్ళింది. దాన్ని అక్కడికి తీసుకెళ్ళింది నేను. హారికని దగ్గరికి పిలిచి, "అమ్మ చేయి పాడుచేసింది ఆవిడే. కిందికి వెళ్ళకు" అని ఆయన చెబుతుంటే వింటూ నిలబడ్డాను.

మలక్‌పేట డాక్టరు కొత్త ఎక్స్‌రే లైటుకి పెట్టి చూపించారు. మోచేతి ముందు చిన్న తెల్ల మబ్బు. గాయమైన కండని నలిపితే దాంట్లో ఎముకలాంటిది పెరుగుతుందట. మచ్చ కింద కండ అట్టకట్టిందట. "రుద్దించడం మానేయండి. ఇప్పుడు కోయకూడదు, ఏడాది చూడాలి. ఇలాగే ఉండిపోయినా ఉండిపోవచ్చు" అన్నారు.

ఆ చివరి మాట తప్ప నాకు ఇంకేమీ వినపడలేదు. ఇంటికి వచ్చి, రుద్దడం మానేశాను కదా, బరువు మోస్తే తప్పేముంది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మధ్యాహ్నం పిల్లలు పడుకోగానే స్నానాలగదిలో గడియ పెట్టుకుని, సగం బక్కెట్ నీళ్ళు కుడిచేతికి తగిలించుకుని వంద లెక్కపెట్టేదాన్ని. కనీసం తిన్నగానైనా సాగుతుందని. చిన్నప్పుడు మా వీధిలో చేయి విరిగినవాళ్ళందరూ బక్కెట్లు మోసేవారు. పది రోజులు మోశాను. చింతగింజ చిక్కుడుగింజంత అయింది. ఎవరికీ చెప్పలేదు.

మావారి సెంటర్‌లో ఒకాయన నడుముకి ఎల్బీ నగర్‌లో ఒక కైరోప్రాక్టర్ దగ్గర నయమైందట. మందుల్లేవు, కోతల్లేవు, చేతులతోనే కీళ్ళు సర్దుతారట. "రెండు పట్లు పడితే ఫ్రీ అయిపోతుందట" అన్నారు మావారు ఎంతో ఆశగా. అప్పటికి సమ్మె ఆగి బస్సులు తిరుగుతున్నాయి. అక్టోబర్ చివర, చౌరస్తాలో విజయవాడ బస్సుల కోసం నిలబడ్డ జనాన్ని తప్పించుకుంటూ స్కూటర్ మీద వెళ్ళాం.

చిన్న గది, ఎనిమిది కుర్చీలు. లోపలి గదిలోంచి ఉండి ఉండి "టక్" మని చప్పుడు, వెంటనే ఎవరిదో "అబ్బా" అన్న మాట. ప్రతి చప్పుడుకీ నా చేయి ఒళ్ళోకి లాక్కుంటున్నాను. పక్కన మెడకి పట్టీ వేసుకున్న ఒకాయన అది గమనించాడు. ఆర్టీసీ డ్రైవరట.

"మొదటిసారా చెల్లె?"

"అవునండీ. నొప్పిగా ఉంటుందా?"

"సప్పుడే గని నొప్పి తక్వ. నాది జూడు, నెల దినాలు బస్సు బంద్ వెట్టి ఇంట్ల కూసున్న. స్టీరింగ్ తిప్పకుంటె మెడ బాగైతదనుకున్న. ధర్నాల కూసుని కూసుని ఇంకింత వట్టేసింది." ఆగి మావారి వైపు చూశాడు. "మీరు ఆంధ్రోళ్ళా సార్?"

మావారు బిగుసుకున్నారు. "తెనాలి."

"తెనాలి రోడ్ల మీద గుంతలకే ఈ మెడ సగం పొయింది" అన్నాడాయన. గదిలో అందరూ నవ్వారు. మావారు కూడా నవ్వారు, చాలా రోజుల తర్వాత. తన వంతు వచ్చినప్పుడు ఆ డ్రైవరు, "నాకేం తొందర లేదు, చెల్లె భయపడుతున్నది, ముందుగాల పంపుండ్రి" అన్నాడు.

డాక్టరుగారికి యాభై ఏళ్ళుంటాయి. చల్లటి మనిషి. ఎక్స్‌రే చాలాసేపు చూశారు.

"ముట్టుకునే ముందు నాకు మొత్తం తెలవాలమ్మా. దీన్ని ఎవరన్నా రుద్దిండ్రా?"

నాకు బదులు మావారు చెప్పారు. "మా ఓనరావిడండీ. అడక్కుండానే వచ్చి లాగిందట."

"ఆమె ఆపి ఎన్ని రోజులైంది?"

"రెండు వారాలు దాటింది."

ఆయన చేతి వెనకభాగంతో నా మోచేయి తాకి చూసి నుదురు ముడిచారు. "రెండు వారాలు ఊకె ఉన్న చెయ్యి ఇంత వేడిగ ఉండొద్దే. సరే, ఎంత కదులుతదో చూద్దాం." ఒక చేయి నా మోచేతి పైన, ఇంకోటి మణికట్టు దగ్గర వేశారు.

ఆయన ఇంకా ఏమీ చేయలేదు. కానీ ఆయనకి తెలియని సంగతి ఆ చేతిలో ఉందని నాకు తెలుసు. ఆయన తప్పు లెక్కతో ముట్టుకుంటున్నారు. ఇప్పుడు ఏదైనా అయితే నా నోటితో నేను చేయి పోగొట్టుకున్నట్టే.

"ఆగండి" అన్నాను. "నేను రోజూ బక్కెట్ మోస్తున్నాను. నిన్న కూడా మోశాను." ఆయన చేతులు నిలిచిపోయాయి. ఒకసారి మొదలయ్యాక ఆపలేకపోయాను. "ఆవిడ అడక్కుండా రాలేదు. నేనే బతిమాలాను. వద్దంది. చాలంటే కూడా ఇంకా లాగమన్నాను."

మావారి వైపు చూడలేదు. డాక్టరుగారు రెండు చేతులూ తీసేసి వెనక్కి జరిగారు.

"చెప్పిండ్రు, మంచిగైంది. ఇంత పుండు మీదున్న చేతిని ఇవాళ నేను గుంజితే, అది గిట్లనే ఉండిపోవచ్చు. ఇగ ఆరు వారాలు దీన్ని ఎవరూ ముట్టొద్దు. మీరు, మీ ఇంటోళ్ళు, నేను కూడ. నొప్పి రానంత మేర మీ అంతట మీరే కదిలించుకోండి, అంతే."

"మరి వైద్యం?"

"ముట్టకపోవుడే ఇప్పుడు వైద్యం."

చేతిని కాపాడుకుంటూ కాపాడుకుంటూ మెడా భుజమూ కూడా కొయ్యలా చేసుకున్నానని, ఆ రోజు వాటిని మాత్రం సర్దారు. "టక్" మన్నప్పుడు గట్టిగా కళ్ళు మూసుకున్నాను. నొప్పి లేదు. మలక్‌పేట డాక్టరుకి చూపించమని ఒక కాగితం రాసిచ్చారు. తర్వాత చూపిస్తే ఆయనా అదే మాట అన్నారు.

ఎల్బీ నగర్ నుంచి తిరిగి వస్తూ చైతన్యపురి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మావారు అడిగారు.

"ఆవిడ వద్దందా?"

"అంది."

"ఎన్నిసార్లు?"

"చాలాసార్లు."

పచ్చలైటు పడింది. ఇంటి గేటు దగ్గర స్కూటర్ ఆపి, "ఇప్పుడు వెళ్ళి ఆవిడతో ఏమని చెప్పను మాధవీ? ఊరుకో. అదే సర్దుకుంటుంది" అన్నారు. ఇల్లు మారే మాట మళ్ళీ ఎత్తలేదు. హారికకి చెప్పిన మాట వెనక్కి తీసుకోవడం ఆయనకి తోచలేదు. నాకు తోచింది, ధైర్యం చాలలేదు.

నవంబర్ – ఫిబ్రవరి

ఏమీ చేయకుండా ఉండటం ఆపరేషన్ కంటే కష్టం. రోజుకి పదిసార్లు ఆ గింజ తడిమి, తడిమినందుకు భయపడేదాన్ని. హారికకి జడ వేయలేక జుట్టు కత్తిరించేశాం. బుజ్జిగాడు రెండు చేతులూ చాచి "ఎత్తు" అంటే కింద కూర్చుని ఒళ్ళోకి రమ్మనేదాన్ని. కొన్నాళ్ళకి వాడు నన్ను అడగడం మానేసి నాన్న దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టాడు. వాడికి జ్వరం వచ్చిన రోజు ఒక్కదాన్నే ఉన్నాను. ఒంటిచేత్తో వాణ్ణి భుజాన వేసుకోబోయి జారవిడిచినంత పనిచేశాను. ఇంకా ఇరవై ముప్పై ఏళ్ళు ఇలా అంటే ఎలా అని ఆ రోజు కూలబడిపోయాను.

మా మేడ మీదికి నీళ్ళు ఎక్కవు, కింది సంపులోంచి మోసుకోవాలి. నవంబర్ నుంచి రోజూ తెల్లవారేసరికి మా గుమ్మం ముందు నాలుగు బక్కెట్లు నిండి ఉండేవి. ఎవరు పెడుతున్నారో మావారికీ తెలుసు, నాకూ తెలుసు. ఒకసారి గేటు దగ్గర ఎదురుపడితే, "పెద్దమ్మా, ఆ రోజు నేను..." అని మొదలుపెట్టాను.

"నాకు తెల్వదా బిడ్డా. భయంల మనిషి ఏదన్న అంటడు. పరేషాన్ గాకు. చెయ్యెట్లున్నది?"

అంతటితో సరిపోయిందని నన్ను నేను నమ్మించుకున్నాను.

డిసెంబర్ మధ్యలో తీసిన ఎక్స్‌రేలో మబ్బు పెరగలేదు. అంచులు సన్నబడ్డాయి. ఎల్బీ నగర్ డాక్టరుగారు అప్పుడు మొదలుపెట్టారు. మోచేతిని గుంజడం, టక్కుమనిపించడం ఏమీ లేదు. ముందు మచ్చ. చర్మం కింది కండకి జిగురుతో అంటించినట్టుంది. రెండు వేళ్ళ కొసలతో దాన్ని అటొకసారి ఇటొకసారి, పిండిముద్దని కూడా నొక్కనంత మెల్లగా జరిపేవారు. ఇంట్లో ఎలా చేసుకోవాలో, ఎక్కడ ఆపాలో నేర్పారు. వారానికి రెండుసార్లు వెళ్ళేదాన్ని. నొప్పి వస్తే ఎడమచేయి ఎత్తమనేవారు, ఎత్తగానే ఆగేవారు. ఒకసారి నొప్పి లేకుండానే ఎత్తాను, నిజంగా ఆగుతారో లేదో చూడటానికి. ఆగారు.

ఫిబ్రవరిలో ఒక పూట ముద్ద తల వంచకుండా నోట్లోకి వెళ్ళింది. చేయి పూర్తిగా చాపలేను. చాపగలనని డాక్టరుగారు కూడా అనలేదు. కానీ వెనక్కి వెళ్ళడం ఆగింది. మోచేతికి దెబ్బ తగిలినవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే: ఎంత మంచి చేతులైనా సరే, రుద్దించకండి. ఏం చేసుకున్నారో డాక్టరు దగ్గర దాచకండి.

ఆ సాయంత్రమే యాదమ్మగారు నాలుగు నెలల తర్వాత మా మెట్లెక్కింది. చేతిలో సర్వపిండి రొట్టెల పళ్ళెం. బుజ్జిగాడు పరిగెత్తుకెళ్ళి ఆవిడ కాళ్ళు చుట్టేశాడు.

"చెయ్యి మంచిగైందటగద. ఏదీ, సూపియ్యి బిడ్డా" అని చేయి చాచింది.

హారిక మా ఇద్దరి మధ్యకి వచ్చి నిలబడింది. "ముట్టుకోకు అవ్వా. నువ్వు ముట్టుకుంటే మా అమ్మ చేయి మళ్ళీ పాడైపోతుంది."

ఆవిడ చాచిన చేయి వెనక్కి తీసుకుని కొంగుకి తుడుచుకుంది. ఆ చేతికి ఏమీ అంటుకోలేదు. "నిజమే బిడ్డా, ముట్ట" అంది. పళ్ళెం గడప మీద పెట్టి మెట్లు దిగిపోయింది. మావారు పేపర్లోంచి తలెత్తలేదు. నేను వంగి ఎడమచేత్తో ఆ పళ్ళెం అందుకున్నాను.

మర్నాడు పొద్దున బడికి తయారైన హారికని, బుజ్జిగాణ్ణి పై మెట్టు మీద నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. వాడికి అర్థం కాదు, అయినా వాడినీ కూర్చోబెట్టాను. మావారు తలుపు దగ్గర నిలబడి వింటున్నారు.

"అవ్వ నా చేయి పాడుచేయలేదమ్మా. రుద్దమని నేనే అడిగాను. అవ్వ వద్దంది. నేను ఏడిచి చేయించుకున్నాను. ఇంకా లాగమని చెప్పింది కూడా నేనే, నువ్వు అక్కడే ఉన్నావు, విన్నావు. నాన్న అడిగితే భయమేసి అవ్వ పేరు చెప్పాను. అబద్ధం చెప్పింది అమ్మ. నాన్న నీకు చెప్పింది ఆ అబద్ధమే. ఇప్పుడు మనం కిందికి వెళ్దాం. ఇదంతా అవ్వతో నేనే చెబుతాను, నువ్వు పక్కన ఉంటే చాలు. నాకు భయంగా ఉంది. చేయి పట్టుకో. ఆ చేయి కాదు, ఈ కుడిచేయే. గట్టిగా పట్టుకో, ఏం కాదు."